టైరులో గాలి, పేటెంటులో చిల్లు

ఈ సంచికకి ఎవరైనా ఒక ప్రముఖుడి జీవితం గురించి రాయమని మా క్లబ్బు వాళ్లు అడిగేసరికి పెద్ద పెద్ద పేర్లన్నీ సీనియర్లు పంచేసుకున్నారు. నేను మాత్రం ఒక పశువుల డాక్టర్ని తీసుకున్నా. ఇంజినీరింగ్ కాలేజీ పత్రికలో పశువుల డాక్టరు ఏంటని నవ్వకండి. మీరు రోజూ ఎక్కే బస్సు, బైకు, సైకిలు అన్నీ ఆయన పుణ్యమా అని గాలి మీద నడుస్తున్నవే. ఆయన పేరు జాన్ బాయ్డ్ డన్‌లప్.

ముందు నా గోల కాస్త చెప్పుకోవాలి. మా ఇంటి నుంచి కాలేజీకి 9 కిలోమీటర్లు. బస్సు పాసు డబ్బులు మిగుల్తాయని సెకండ్ హ్యాండ్‌లో ఒక మౌంటెన్ బైకు కొన్నా. 26 అంగుళాల చక్రాలు, 2.10 వెడల్పు, ఒంటినిండా గుబ్బలున్న టైర్లు. మట్టిలో, రాళ్లలో అయితే ఆ గుబ్బలు భలే పట్టుకుంటాయి. మా దారంతా తారు రోడ్డే. తారు మీద గుబ్బల పని ఒకటే, తేనెటీగల గుంపులా రొద చేస్తూ నా ఓపిక తినెయ్యడం. మొదటి పీరియడ్‌కి నేను చేరేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది. రోడ్డు టైర్లు వేయిద్దామంటే రెండింటికీ కలిపి నాకు నెల రోజుల చేతిఖర్చు. తేడా నిజంగా ఉంటుందా, లేక డబ్బులు దండగా అని తేల్చుకోలేకపోయా.

అదే వారం ఇంకో దెబ్బ తగిలింది. మా బ్యాచ్ నలుగురం కలిసి మినీ ప్రాజెక్టుకి ఒక ఐడియా పట్టుకున్నాం. సైకిల్ టైరులో గాలి తగ్గితే ముందే చెప్పే చిన్న పరికరం. మాకంటే ముందు ఎవరికీ తట్టలేదనుకుని రాత్రంతా సంబరపడ్డాం. మా గైడు సార్ పావుగంటలో అలాంటివే మూడు పేటెంట్లు తీసి చూపించారు. తిట్టలేదు, ఇంకో టాపిక్ చూసుకోండన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఆ దిగులులో టైర్ల గురించి చదువుతుంటే డన్‌లప్ దొరికాడు.

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ అనే ఊళ్లో, రైతు కుటుంబంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివాడు. 1867లో ఐర్లండు వెళ్లి, అన్నదమ్ములిద్దరూ కలిసి డౌన్‌పాట్రిక్‌లో పశువుల ఆసుపత్రి పెట్టారు. తర్వాత ఆయన బెల్‌ఫాస్ట్ చేరాడు. అప్పట్లో ఊరంతా గుర్రాల మీదే నడిచేది కాబట్టి పశువైద్యుడికి పనికి కొదవ లేదు. ప్రాక్టీసు బాగా పెరిగింది. యాభైకి దగ్గరపడుతున్న స్థిరపడ్డ పెద్దమనిషి. కొత్తగా ఏదో కనిపెట్టి పేరు తెచ్చుకోవాల్సిన అవసరమే లేదు.

ఆయన కొడుకు జానీకి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. బెల్‌ఫాస్ట్ వీధులు రాళ్లు పరిచినవి. అప్పటి సైకిళ్లకి గట్టి రబ్బరు పట్టీయో, ఇనప పట్టీయో ఉండేది. తొక్కితే ఒళ్లు హూనమే. పిల్లాడి అవస్థ చూసిన తండ్రి 1887 అక్టోబరులో ఒక ప్రయోగం చేశాడు. సుమారు 96 సెంటీమీటర్ల చెక్క చక్రం తీసుకుని, దాని అంచు చుట్టూ పల్చటి రబ్బరు గొట్టం పెట్టి, పైన గుడ్డ చుట్టి మేకులు కొట్టాడు. గొట్టంలోకి ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. రబ్బరుతో పని ఆయనకి ముందే అలవాటు.

తర్వాత చేసిన పనే నాకు బాగా నచ్చింది. లెక్కలూ లేవు, గ్రాఫులూ లేవు. జానీ సైకిల్ చక్రాన్నీ, ఈ గాలి చక్రాన్నీ ఇంటి పెరట్లో ఒకదాని తర్వాత ఒకటి దొర్లించి వదిలాడు. మొదటిది మధ్యలోనే ఆగి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గేటు స్తంభానికి గుద్దుకుని వెనక్కి ఎగిరింది. అప్పుడు సైకిలు వెనక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు చేసి బిగించాడు. 1888 ఫిబ్రవరి 28 రాత్రి జానీ దాన్ని తొక్కి చూశాడు. ఆ ఏడాది డిసెంబరు 7న పేటెంటు చేతికొచ్చింది.

గాలి టైరు హాయిగా ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. వేగంగా కూడా పోతుందని మాత్రం అప్పట్లో నమ్మలేదు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ క్రీడల్లో విల్లీ హ్యూమ్ అనే సైక్లిస్టు ఈ లావుపాటి టైర్లతో దిగాడు. చూసినవాళ్లు వెటకారం చేశారు. అతను పాల్గొన్న నాలుగు పందేలూ గెలిచాడు. డబ్లిన్‌లో కాగితం వ్యాపారం చేసే హార్వీ డు క్రాస్ చూపు దీని మీద పడింది. ఆయన కొడుకులు కూడా సైకిల్ పందేల్లో తిరిగేవాళ్లు. ఆ ఏడాదే కంపెనీ పెట్టారు. డన్‌లప్ తన పేటెంటు హక్కులు దానికిచ్చి, అందులో వాటా తీసుకున్నాడు.

ఇంతలో పిడుగు పడింది. పేటెంటు వచ్చిన రెండేళ్లకి అది చెల్లదని తేలింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లండు వాడు 1845లోనే గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడట. అప్పటికి అతనికి 23 ఏళ్లు, అంటే మన ఫైనలియర్ వాళ్లకంటే కాస్త పెద్ద. లోపల రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టం, పైన తోలు తొడుగు. గుర్రపు బండికి బిగించి లండన్ రీజెంట్స్ పార్కులో నడిపి చూపించాడు కూడా. కానీ అప్పుడు మనం అనుకునే సైకిలే లేదు. ఖర్చు ఎక్కువ, అడిగేవాడు లేడు. ఆ చక్రం జనం మర్చిపోయారు. డన్‌లప్ మొదటి టైరు చేసేనాటికి థామ్సన్ చనిపోయి 14 ఏళ్లు.

ఇది చదివినప్పుడు మా గైడు సార్ స్క్రీన్ మీద ఆ మూడు పేటెంట్లే నాకు గుర్తొచ్చాయి.

అయితే కంపెనీ మునిగిపోలేదు. తొలి టైరుని చక్రానికి అంటించేసేవాళ్లు. పంచరైతే ఊడదీయడం నరకం. 1890లో వెల్చ్ అనే ఆయన అంచులో తీగ ఉన్న టైరుకి, బార్ట్‌లెట్ అనే ఆయన రిమ్ములో అంచు ఇరుక్కునే టైరుకి పేటెంట్లు తీసుకున్నారు. కంపెనీ ఆ రెండూ కొనేసింది. మనం ఇవాళ స్పూన్‌తో విప్పే టైరుకి మూలం అవే. అంటే గాలి ఆలోచన థామ్సన్‌ది, దాన్ని రోడ్డెక్కించింది డన్‌లప్, పంచరు వేసుకునే వీలు ఇచ్చింది ఇంకెవరో.

డన్‌లప్‌కి మాత్రం పెద్దగా మిగల్లేదు. 1895లో కంపెనీ నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాదే అది 30 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. ఆయన పేరు ప్రపంచమంతా తిరిగింది, ఆయన డబ్లిన్‌లో మామూలుగా బతికి 1921 అక్టోబరు 23న కన్నుమూశాడు. ఇంకో మాట దాచకూడదు. గాలి టైరుతో రబ్బరుకి గిరాకీ పెరిగింది. ఆ రబ్బరు కోసం కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులు జనాన్ని చిత్రహింసలు పెట్టారు. పెరట్లో చక్రం దొర్లించినప్పుడు ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. అయినా మన హాయి వెనక ఆ లెక్క కూడా ఉందని తెలుసుకోవాలి.

చదవడం అయ్యాక నేనూ ఆయన దారే పట్టా. మా ఫ్రెండు సైకిలుకి 26 ఇంటూ 1.50 నున్నటి టైర్లు ఉన్నాయి. ఫ్లైఓవర్ దిగే చోట ఒకే గీత దగ్గర్నుంచి, పెడల్ వెయ్యకుండా, ముందు నా సైకిలు, తర్వాత వాడిది వదిలా. తొక్కింది రెండుసార్లూ నేనే కాబట్టి బరువులో తేడా లేదు. వాడి సైకిలు నాలుగు కరెంటు స్తంభాలు ఎక్కువ దూరం పోయింది. సైకిళ్లు వేరు కాబట్టి తేడా అంతా టైర్లదే అనలేను గానీ, నా అనుమానం తీరడానికి అది చాలు.

కారణం కష్టమేం కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు నేలని తాకేచోట నొక్కుకుని మళ్లీ లేస్తుంది. నొక్కడానికి పెట్టిన శక్తి మొత్తం తిరిగి రాదు, కొంత వేడైపోతుంది. గుబ్బలుంటే ప్రతి గుబ్బా వంగి లేవాలి, నష్టం ఇంకా ఎక్కువ. వానలో నున్నటి టైరు జారుతుందని భయపడ్డా గానీ, నీళ్ల మీద తేలిపోవడం కార్ల వేగంలో వచ్చే సమస్య, సైకిల్ వేగంలో కాదు. తడిసిన పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద ఏ టైరైనా జారుతుంది. కొనేముందు చూడాల్సినవి వేరే: టైరు మీద 559 అనే అంకె ఉండాలి, 26 అంగుళాల మౌంటెన్ రిమ్ము కొలత అదే. ట్యూబు కూడా సన్నటిదే వెయ్యాలి, పాతది వేస్తే లోపల మడత పడుతుంది. మన గుంతల కోసం మరీ సన్నటివి వద్దని 1.75 వేయించా. ఇప్పుడు చొక్కా సగమే తడుస్తోంది.

ఇక ప్రాజెక్టు. ఆ మూడు పేటెంట్లూ ఈసారి కుదురుగా చదివాం. మూడూ కారు ట్యూబుకుండే రకం వాల్వు కోసం రాసినవే. మన మామూలు సైకిళ్లకీ, వాటర్ క్యాన్లు మోసే రిక్షాలకీ ఉండేది వాల్ ట్యూబు తొడిగే పాతరకం వాల్వు. దాన్ని డన్‌లప్ వాల్వు అనే అంటారు! దాంట్లోంచి గాలి లోపలికే గానీ బయటికి రాదు కాబట్టి మామూలు గేజి పెట్టి చూస్తే సరిగా చూపించదు. ఆ వాల్వుకి పనికొచ్చేలా చేస్తామని సార్‌ని మళ్లీ అడిగాం. సోమవారం లోపు బొమ్మ గీసి తెమ్మన్నారు.

ఒప్పుకుంటారో లేదో తెలీదు. బొమ్మ మాత్రం గీస్తున్నాం.