మేజర్ టేలర్

సైకిలు మనకు పనికీ, బడికీ, సంతకూ వెళ్ళే బండి. కాని సుమారు నూట ముప్పై ఏళ్ళ కిందట అమెరికాలోనూ, ఐరోపాలోనూ సైకిలు పందాలు చూడటానికి వేలమంది టికెట్లు కొని వెళ్ళేవారు. ఆ పందాలలో చాలావరకు రోడ్డు మీద కాక, ప్రత్యేకంగా కట్టిన గుండ్రని బాట మీద జరిగేవి. దీనిని వెలోడ్రోమ్ అంటారు. మలుపులలో దీని బయటి అంచు ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా ఉంటుంది. ఈ వాలు వల్ల వేగంగా వచ్చే సైకిలు బయటికి జారిపోదు. పందెపు సైకిలుకు బ్రేకులు ఉండవు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో కూడా ఇటువంటి బాట మీద పందాలు జరిగాయి.

ఈ ఆటలో ప్రపంచ విజేత అయిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు మార్షల్ టేలర్. ఆయన 1878 నవంబరు 26న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. తండ్రి ఒక ధనిక తెల్లవారి ఇంట్లో గుర్రపు బండి తోలేవాడు. ఆ ఇంటివారే పిల్లవానికి సైకిలు ఇచ్చారు. తరువాత ఒక సైకిళ్ళ దుకాణం ముందు, సైనికుని దుస్తులు వేసుకొని, సైకిలు మీద విన్యాసాలు చేసేవాడు. జనం మేజర్ అని పిలిచారు. సైన్యంలో ఎన్నడూ పనిచేయకపోయినా ఆ పేరే నిలిచింది.

1894లో అమెరికా సైకిలు సంఘం నల్లవారికి సభ్యత్వం లేదని తీర్మానించింది. మంగర్ అనే సైకిళ్ళ తయారీదారు టేలర్‌ను వూస్టర్ పట్టణానికి తీసుకువెళ్ళి శిక్షణ ఇచ్చాడు. 1896 చివర, 18 ఏళ్ళ వయసులో, టేలర్ వృత్తి క్రీడాకారుడయ్యాడు. దక్షిణాదిలో ఆయనను బాట మీదికే రానిచ్చేవారు కారు. మిగిలిన చోట్ల తెల్ల పందెగాళ్ళు జట్టుకట్టి దారి మూసేవారు. 1897లో టాంటన్‌లో పందెం ముగియగానే ఒకడు ఆయన గొంతు నులిమి స్పృహ తప్పేలా చేశాడు.

అయినా 1899 ఆగస్టు 10న, కెనడాలోని మాంట్రియల్‌లో, ఒక మైలు పందెంలో ప్రపంచ విజేత అయ్యాడు. 1901లో ఐరోపా వెళ్ళాడు. పారిస్‌లో ఫ్రెంచి వీరుడు జాకెలిన్‌తో రెండుసార్లు తలపడి, మొదటిసారి ఓడి, రెండవసారి గెలిచాడు. మతనిష్ఠ వల్ల ఆదివారం పందెం ఆడేవాడు కాదు. పందాలు పెట్టేవారే రోజు మార్చుకున్నారు!

మరి ఇంతటివాడు ఒలింపిక్స్‌లో ఎందుకు కనిపించడు? 1896లో ఏథెన్సు క్రీడలలోనే ట్రాక్ సైక్లింగ్ ఉంది. కాని అవి డబ్బు తీసుకోని ఔత్సాహికులకే. ఈ నియమం పైకి న్యాయంగా కనిపిస్తుంది. నిజానికి కూలి చేసుకొని బతికేవానికి ఆ తలుపు మూసినట్లే. 1912లో స్టాక్‌హోమ్‌లో ట్రాక్ పందాలే లేవు. స్త్రీలకు 1988లో, వృత్తి క్రీడాకారులకు 1996లో ఒలింపిక్ బాట మీద చోటు దొరికింది. స్త్రీ పురుషులకు సమాన సంఖ్యలో ట్రాక్ పందాలు పెట్టినది 2012 లండన్ క్రీడలలో.

టేలర్ 1910లో పందాలు మానుకున్నాడు. తన కాలంలో ఎక్కువ సంపాదించిన క్రీడాకారులలో ఆయన ఒకడు. వ్యాపారాలు దెబ్బతిని ఆ సొమ్ము కరిగిపోయింది. ఆత్మకథ రాసి, సొంతంగా అచ్చువేసి, ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. 1932 జూన్ 21న చికాగోలో, ఆసుపత్రి ధర్మవార్డులో మరణించాడు. శవాన్ని అడిగినవారు లేక, బీదల శ్మశానంలో గుర్తులేని గోతిలో పూడ్చారు.

1948లో పాత పందెగాళ్ళు కొందరు, ఒక సైకిలు కంపెనీ యజమాని ఇచ్చిన డబ్బుతో, ఆయన అవశేషాలను తీసి మంచి చోట సమాధి కట్టించారు. 1982లో ఇండియానాపొలిస్‌లో కట్టిన వెలోడ్రోమ్‌కు మేజర్ టేలర్ పేరు పెట్టారు. 1987లో పాన్ అమెరికన్ క్రీడల సైకిలు పందాలు ఆ బాట మీదే జరిగాయి.