స్టెతస్కోప్ పక్కన పెట్టి టెస్ట్ ట్యూబ్ పట్టారు.. చిన్నారులకు ఆయువు పోశారు! ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

హైదరాబాద్: పిల్లాడికి జ్వరం తగ్గట్లేదంటే డాక్టర్ ముందు రాసేది రక్త పరీక్ష. గోల్నాక అయినా, తార్నాక అయినా ఇప్పుడు సందుకో ల్యాబ్ ఉంది. పొద్దున శాంపిల్ ఇస్తాం, సాయంత్రానికి రిపోర్ట్ చేతికొస్తుంది. దాన్ని పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెడతాం. ఆ కాగితం మీద అంకెలు తేల్చిన మనిషి మాత్రం ఎప్పుడూ కనిపించరు. ఆయనే క్లినికల్ బయోకెమిస్ట్. ఒంట్లో ఏది తగ్గింది, ఏది పెరిగిందన్నది ఆ గదిలో తేలాకే చాలాసార్లు వైద్యం మొదలవుతుంది.

ఇలా కనిపించకుండా పనిచేసిన వాళ్లలో ప్రపంచం మొత్తం చెప్పుకోవాల్సిన పేరు ఒకటుంది. అది మన తెలుగువాడి పేరే. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. చదివింది వైద్యం. జీవితం గడిపింది మాత్రం ల్యాబ్‌లో. ఆయన చనిపోయి 75 ఏళ్లు దాటింది. అయినా బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల చికిత్సలో ఆయన బృందం తయారుచేసిన మందు నేటికీ నడుస్తూనే ఉంది.

మూడోసారికి మెట్రిక్ పాస్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో ఏడుగురు పిల్లలు, వాళ్లలో ఈయన నాలుగోవారు. డబ్బుకు ఎప్పుడూ కటకటే. 13 ఏళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయల్దేరారని, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నారని చెబుతారు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో వేశారు. తండ్రి పోయాక కూడా ఆవిడ చదువు మాన్పించలేదు. ఒంటి మీద బంగారం అమ్మి మరీ చదివించారు.

చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివే రోజుల్లో మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ససేమిరా అన్నారు. దాంతో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో పెళ్లయింది. అల్లుడి చదువుకు మామగారు డబ్బు సాయం చేశారు.

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్రాలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు వేసుకుని కాలేజీకి వెళ్లేవారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితం ఏంటంటే, పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. దాని కంటే తక్కువైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం కోసం ప్రయత్నించినా కుదరలేదు. చివరికి మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే పనిలో చేరారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు రోజుల తేడాలో కన్నుమూశారు. కారణం స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దీనికి మందు లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనికి జవాబు పాతికేళ్ల తర్వాత ఆయన ల్యాబ్‌లోనే దొరుకుతుంది.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

1922 అక్టోబర్‌లో సుబ్బారావు బోస్టన్ చేరారు. మామగారితో పాటు కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా ఈ ప్రయాణానికి చేయూతనిచ్చింది. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదివారు. స్కాలర్‌షిప్ లేదు. ఇక్కడి డిగ్రీతో అక్కడ డాక్టర్‌గా ప్రాక్టీస్ చేసే వీల్లేదు. అందుకే రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరారు. భార్యను త్వరలోనే వచ్చి కలుస్తానన్న ఆశతోనే వెళ్లారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు ఏడాది కూడా నిండకుండానే ఇన్ఫెక్షన్‌తో పోయాడు. బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు.

రక్తంలో నీలి రంగు చెప్పే లెక్క

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్ దగ్గర సుబ్బారావు పని మొదలుపెట్టారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కచ్చితంగా కొలవడం అప్పట్లో పెద్ద తలనొప్పి. 1925లో ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ప్రచురించారు. శాంపిల్‌లో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో కలుస్తుంది. దానికి ఇంకో రసాయనం చేరిస్తే నీలి రంగు తేలుతుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. సింపుల్‌గా చెప్పాలంటే విషయం ఇంతే. కానీ ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబ్‌లలో నడిచింది. బయోకెమిస్ట్రీ స్టూడెంట్లు ఇప్పటికీ ఆ పేరుతోనే చదువుతున్నారు.

పిల్లలకు దీంతో పనేంటి? రికెట్స్ అనే జబ్బు పేరు వినే ఉంటారు. విటమిన్ డి చాలక పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. ఈ జబ్బులో రక్తంలో ఫాస్ఫరస్ తగ్గడం ఒక ముఖ్యమైన గుర్తు. కాళ్లు పూర్తిగా వంగాక ఎవరైనా కనిపెడతారు. ముందే పసిగట్టాలంటే రక్తమే చెప్పాలి. చిన్నపిల్లల దగ్గర నుంచి ఎక్కువ రక్తం తీయలేం కాబట్టి, కొద్దిపాటి శాంపిల్‌తో నమ్మదగిన అంకె రావడం ఎంత అవసరమో పిల్లల డాక్టర్లకు బాగా తెలుసు.

అదే కొలతను పట్టుకుని వీళ్లిద్దరూ ఇంకా లోతుకు వెళ్లారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కణానికి ఇంధనం లాంటి ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాదాపు అదే సమయంలో, 1929లో, ఏటీపీని విడిగా కనిపెట్టారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంట్ ప్రొఫెసర్ పోస్టు మాత్రం రాలేదు. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అప్పట్లో అదే ల్యాబ్‌లో విద్యార్థి. సుబ్బారావు చేసిన పనిలో కొంత ఫిస్కే వల్ల వెలుగు చూడలేదని, అందుకే ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాల్సి వచ్చిందని ఆయనే చెప్పారు.

ఇవ్వాలనుకున్నది ఒకటి.. పనిచేసింది దానికి విరుగుడు

1940లో సుబ్బారావు న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన విభాగం మొత్తానికి ఆయనే పెద్ద అయ్యారు. లివర్‌లో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో ఉందని అప్పటికే తెలుసు. 1931లో ముంబైలో పనిచేసిన లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్, గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్ పనిచేస్తుందని చూపించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో లెడర్లీ బృందం దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూ రోగుల మీద పరీక్షిస్తే పనిచేసింది. సోదరులను బలి తీసుకున్న జబ్బుకు మందు దొరికింది, కానీ వాళ్లు పోయి అప్పటికే పాతికేళ్లు.

అసలు మలుపు ఇక్కడే. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పెథాలజిస్ట్ ఉండేవారు. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, వచ్చిన పిల్లలకు అప్పట్లో వైద్యమే లేదు. వారాల్లో, మహా అయితే నెలల్లో చనిపోయేవారు. ఫోలిక్ యాసిడ్ కుటుంబానికి చెందిన మందులను లెడర్లీ ఫార్బర్‌కు పంపింది. ఇస్తే జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా ముదిరినట్టు కనిపించింది.

వేరేవాళ్లయితే అక్కడితో ఆపేసేవారేమో. ఫార్బర్ మాత్రం దీన్ని తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ యాసిడ్ క్యాన్సర్ కణాలకు మేత అవుతుంటే, ఆ మేతను అడ్డుకుంటే? ఆ అడ్డుకునే మందును తయారుచేసింది సుబ్బారావు బృందం. చూడ్డానికి అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటుంది. కణం దాన్ని తీసుకుంటుంది కానీ వాడుకోలేదు. దాంతో పెరుగుదల ఆగిపోతుంది. దాని పేరు అమినోప్టెరిన్.

1947 చివర్లో పిల్లలకు ఇవ్వడం మొదలైంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. మంచం పట్టిన పిల్లలు లేచి తిరిగారు. తర్వాత జబ్బు తిరగబెట్టింది, ఆ మాట కూడా దాచకుండా రాశారు. కానీ ఈ క్యాన్సర్ మందుకు లొంగుతుందని మొదటిసారి తేలింది. పిల్లల లుకేమియాకు కీమోథెరపీ అక్కడి నుంచే మొదలైంది.

అమినోప్టెరిన్ కంటే కాస్త సురక్షితమైన దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అది కూడా లెడర్లీ నుంచే వచ్చింది. లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లలకు ఈనాడు ఇచ్చే మందుల్లో ఇది ముఖ్యమైనది. ఇతర మందులతో కలిపి వాడటం నేర్చుకున్నాక, మంచి వైద్యం అందుతున్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. పిల్లల్లో వచ్చే కీళ్లవాతానికి కూడా ఇదే మందు వాడతారు.

కన్నుమూసిన తర్వాత

ఆయన హయాంలోనే లెడర్లీ నుంచి బోదకాలు జబ్బుకు హెట్రజాన్ వచ్చింది. మన ఊళ్లలో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అదే. రెండేళ్లు దాటిన పిల్లల నుంచి దాన్ని ఇస్తారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా అక్కడిదే. దాన్ని నేలలోని సూక్ష్మజీవి నుంచి కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనను నడిపించింది సుబ్బారావు.

1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. మళ్లీ ఇండియాకు రానేలేదు, భార్యను చూడనేలేదు. తన పేరు కోసం ఎన్నడూ పాకులాడలేదు. 1953లో ఒక ఫంగస్ జాతికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం స్టాంపు విడుదల చేసింది.

ఫోలిక్ యాసిడ్ కథ కూడా అక్కడితో ఆగలేదు. మన దేశంలో 1970 నుంచి గర్భిణులకు, పిల్లలకు ఐరన్‌తో కలిపి ఈ మాత్రలు ఇస్తున్నారు. అంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు, మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే ఆ ముప్పు 70 శాతానికి పైగా తగ్గుతుందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలోని పెద్ద పరిశోధన తేల్చింది. ఉస్మానియా క్యాంపస్ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పిల్లలకు, తల్లులకు ఏ పోషకం ఎంత అవసరమో లెక్కగట్టే చోటు అది. అక్కడ జరిగేది కూడా రక్తంలో ఏముందో కొలిచి చెప్పే పనే.

డాక్టర్ చెయ్యి నాడి పట్టుకుంటుంది. ఆ చేతికి ఏ మందు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో చెప్పే లెక్క ల్యాబ్‌లో పుడుతుంది. ఎంబీబీఎస్ ఇవ్వడానికి మనసొప్పని కాలేజీ నుంచి బయటకొచ్చిన ఈ భీమవరం కుర్రాడు, డాక్టర్‌గా ప్రాక్టీస్ పెట్టకుండానే చేసి చూపించింది అదే.