ఫానీ క్రాస్బీ బాల్యము

ధ్యానభాగము: యోహాను 9:1–3

అనేక క్రైస్తవ గీతములు రచించిన ఫానీ క్రాస్బీ అంధురాలని మీలో కొందరు వినియుందురు. ఆమెకొరకు ఆమె యింటివారు పడిన పాట్లు ఎరిగినవారు తక్కువ.

ఆమె 1820 మార్చి 24న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు ఒక పల్లెలో జన్మించెను. ఆరు వారముల పసికందై యున్నప్పుడు ఆమె కన్నులు వాచెను. ఎప్పుడును చూచు వైద్యుడు ఆ దినమున ఊరిలో లేడు. వైద్యుడనని చెప్పుకొనిన యొకడు వచ్చి కన్నులమీద వేడి ఆవపిండి పట్టు వేసెను. వాపు తగ్గెను గాని బిడ్డకు చూపు లేదని కొలది కాలములోనే తెలిసెను. ఆ లోపము పుట్టుకతోనే యుండెనేమోనని తరువాతి వైద్యులు కొందరు తలంచిరి. ఏమైనను, అక్కరవేళ ఆ యింటికి తగిన వైద్యుడు దొరకలేదు.

ఆ సంవత్సరమే తండ్రి మరణించెను. తల్లి మెర్సీ పరుల యింట పనికి కుదిరెను. బిడ్డకు అయిదేండ్లు వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు చందా పోగుచేసి యియ్యగా, ఆమె బిడ్డను దూరమందున్న న్యూయార్కు పట్టణమునకు తీసికొనిపోయి, పేరుపొందిన డాక్టరు వాలెంటైన్ మాట్‌కు చూపించెను. చూపు వచ్చు మార్గము లేదని ఆయన చెప్పెను. ఆ మాట వినుటకే అయిదేండ్లు పట్టెను!

అవ్వ యూనిస్ ఆ బిడ్డను మూలను కూర్చుండబెట్టలేదు. పూవులను చేతికిచ్చి, పక్షుల కూతలు గురుతుపట్ట నేర్పి, బైబిలు చదివి వినిపించెను. బిడ్డ నాలుగు సువార్తలను కంఠస్థము చేసెను. అయినను ఊరి బడిలో అంధులకు నేర్పగలవారు లేరు. 1835లో, పదునైదవ యేట, ఆమెకు న్యూయార్కు అంధుల పాఠశాలలో చోటు దొరకెను. పిమ్మట అచ్చటనే ఉపాధ్యాయురాలాయెను. 1843లో వాషింగ్టనుకు వెళ్లి అంధుల చదువునకు సహాయము కోరినవారిలో ఆమెయు నుండెను. ఎనిమిదివేలకు పైగా గీతములు వ్రాసి, 1915 ఫిబ్రవరి 12న ప్రభువునందు నిద్రించెను.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగినప్పుడు, ప్రభువు ఆ నిందను అతని తలిదండ్రులమీద పడనియ్యలేదు. మనమో, అట్టి బిడ్డ పుట్టిన యింటిని గూర్చి గుసగుసలాడుదుము. ఆ సిగ్గుచేత తల్లి బిడ్డను దాచిపెట్టును, వైద్యము ఆలస్యమగును. మీ వీధిలో అట్టి బిడ్డ యున్నయెడల ఈ వారమే ఆ యింటికి వెళ్లుడి. ఆసుపత్రికి పోవుటకు బండి ఖర్చు లేనియెడల సంఘము కూర్చవలెను. కూలి పోవునను భయమున్నయెడల ఒకరు తోడు వెళ్లవలెను. వైద్యము ఫలింపనియెడల బడి వెదకవలెను. మెర్సీకి ఆమె పొరుగువారు చేసినది మనము చేయలేమా?