సీసపు గోడ వెనుక రాంట్జెన్ మహాశయుడు

ఎముక విరిగినవానికిని, ఊపిరితిత్తులలో క్షయ సోకెనేమో యని భయపడువానికిని, వైద్యుడు మొదట వ్రాసి యిచ్చునది ఎక్స్‌రే చీటి. పల్లెటూరి రైతుకు సైతము ఆ మాట పరిచితమే. కాని ఆ కిరణములను తొలుత కనుగొనిన మహనీయుడు, తాను నిలుచుటకు చాలునంత జింకురేకుల గదిని కట్టించి, దాని గోడకు సీసపు రేకు తాపించి, కిరణములను పుట్టించు గొట్టమును వెలుపల నుంచి, తాను లోపల నిలిచి పరిశోధన చేసెనను సంగతి యెరిగినవారు మనలో కొలదిమంది. ఆయన డెబ్బది యేడేండ్లు జీవించెను. అవే కిరణములతో ఆ కాలముననే మెలగిన వారనేకులు వ్రేళ్లు కోల్పోయి, చేతులు కోల్పోయి, అకాలమరణము చెందిరి. ఈ భేదమునంతయు అదృష్టమునకే కట్టిపెట్టుట న్యాయము కాదు. పని చేయు విధానమునందే దానికి చాలవరకు మూలము కలదు. ఎక్స్‌రే యంత్రముల నుంచుకొని విద్యార్థులకు పాఠము చెప్పు కళాశాలలవారు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్జెన్ జీవితమును తెలిసికొనవలసి యుండుటకు కారణ మిదియే.

రాంట్జెన్ 1845 మార్చి 27వ తేదీన ప్రష్యా రాజ్యములోని రైన్ ప్రాంతమున, లెన్నెప్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. తల్లి ఆమ్‌స్టర్‌డామ్ కుటుంబమునకు చెందిన యామె. వారి కాయన యేకైక పుత్రుడు. ఆయనకు మూడేండ్లు నిండునప్పటికి కుటుంబము హాలెండు దేశములోని ఆపెల్‌డోర్న్ పట్టణమునకు తరలిపోయెను. బాల్యమున ఆయన చదువులో మేధావి యని పేరు పొందలేదు. అడవులలో తిరుగుటయందును, చేతితో చిన్న చిన్న యంత్రములు చేయుటయందును మాత్రము మిక్కిలి మక్కువ గలవాడు. ఆ చేతినైపుణ్యమే తరువాత ఆయనకు తోడు నిలిచినది.

1862లో ఆయన యూట్రెక్టు నగరములోని సాంకేతిక పాఠశాలలో చేరెను. అచ్చట నెవరో తుంటరి విద్యార్థి ఒక ఉపాధ్యాయుని వికృతముగా చిత్రించెను. నేర మాయనపై పడెను. గీసినవాని పేరు చెప్పుమని పెద్దలు గద్దించినను ఆయన చెప్పలేదు. తోటివాని నప్పగించుటకంటె తాను శిక్ష ననుభవించుటయే మేలని యెంచెను. పాఠశాలనుండి వెడలగొట్టబడుటచే ఉన్నతవిద్యకు ద్వారమైన యోగ్యతాపత్రము ఆయనకు లభింపలేదు. ఆ లోప మాయనను చిరకాలము వెన్నాడెను. తుదకు 1865లో స్విట్జర్లండు దేశములోని జూరిచ్ పాలిటెక్నిక్‌లో ప్రవేశము పొంది, యంత్రశాస్త్రము నభ్యసించి, 1869లో జూరిచ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము సంపాదించెను.

అచ్చట ఆగస్టు కుండ్ట్ అను భౌతికశాస్త్రాచార్యుడు ఆయనలోని ప్రజ్ఞను గుర్తించి సహాయకునిగా చేర్చుకొనెను. 1870లో గురువుతో కూడ వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు పోగా, పాఠశాల యోగ్యతాపత్రము లేదను కారణమున అచ్చటివా రాయనకు బోధనాధికార మీయరైరి. ఆయన కృంగిపోలేదు. 1872లో బెర్తా లుడ్విగ్ అను వనితను పెండ్లాడెను. ఆ యేటనే గురువు వెంట స్ట్రాస్‌బర్గ్ చేరి, అచ్చట 1874లో ఉపన్యాసకుడై, మరుసటి యేడు హోహెన్‌హైమ్ వ్యవసాయ విద్యాలయమున ఆచార్యుడై, 1879లో గీసెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర పీఠము నధిష్ఠించెను. పూర్వము కాదన్న వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమే 1888లో ఆయనను సగౌరవముగా పిలిపించి ఆచార్యపదవి నిచ్చెను. 1894లో తన కధ్యక్షునిగా నెన్నుకొనెను. కాగితము చూచి మనుష్యుని వెలకట్టు విద్యాలయముల కిది చాలినంత పాఠము.

ఏబది యేండ్లు వచ్చువరకు రాంట్జెన్ లోకప్రసిద్ధుడు కాడు. వాయువులు వేడిని గ్రహించు విధము, స్ఫటికములలో ఉష్ణము ప్రసరించు విధము, ద్రవములు ఒత్తిడికి లొంగు విధము మున్నగు సూక్ష్మవిషయములను కొలుచుచు కాలము గడపెను. కావలసిన పనిముట్లను సాధ్యమైనంతవరకు తానే చేసికొనెడివాడు. ఒకమారు కొలిచినదానిని మరల మరల కొలిచి సరిచూచుకొనక ప్రకటించెడివాడు కాడు. ఇట్టి కఠినదీక్షయే 1895లో ఫలించినది.

ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీ శుక్రవారము సాయంకాలము ఆయన ప్రయోగశాలలో ఒంటిగా నుండెను. గాలి తీసివేసిన గాజు గొట్టములో అధిక విద్యుచ్ఛక్తిని ప్రసరింపజేసి, ఆ గొట్టమునుండి వెలుగు బయటికి రాకుండ నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేసెను. అంత కొంత దూరమున నున్న బేరియం ప్లాటినోసయనైడు పూసిన కాగితము మిణుకుమిణుకుమని వెలుగుచుండుట కంటబడెను. అట్టలోనుండి వెలుగు రాదు; గొట్టములోని కాథోడు కిరణములు గాలిలో అంతదూరము పోజాలవు. మరి యా కాగితమును వెలిగించున దేమి? ఇట్టి కిరణములు అంతకుముందు ఇతరుల ప్రయోగశాలలలోను పుట్టినవి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్ అను ఆచార్యుని ఛాయాచిత్రఫలకముపై 1890లోనే నాణెముల నీడలు పడినవి. కాని యది యేమో ఆ నాడు విచారించినవారు లేరు. రాంట్జెన్ విచారించెను.

అది మొదలు ఏడు వారములు ఆయన యెవ్వరికిని మాట పొక్కనీయక పరిశోధించెను. భోజనమును, నిద్రయు అనేక దినము లచ్చటనే. వేయి పుటల గ్రంథము నడ్డుపెట్టినను కిరణములు దూసికొని పోయెను. కొయ్య అడ్డలేదు, అల్యూమినియము కొంత తగ్గించెను, ఒకటిన్నర మిల్లీమీటరు దళసరి సీసపు రేకు మాత్రము వానిని దాదాపు పూర్తిగా ఆపివేసెను. డిసెంబరు 22వ తేదీన భార్యను పిలిచి, ఆమె చేతిని ఫలకముపై పావుగంట సేపు ఉంచుమని చెప్పి చిత్రము తీసెను. వ్రేలి యెముకలును, వ్రేలి నున్న ఉంగరమును ఆ చిత్రమున స్పష్టముగా గోచరించెను. 28వ తేదీన తన వ్యాసమును స్థానిక వైద్య భౌతికశాస్త్ర సంఘమున కర్పించెను. కిరణముల స్వభావ మింకను తెలియనందున గణితములో తెలియనిదానికి వాడు ఎక్స్ అను అక్షరమే వానికి పేరుగా పెట్టెను. తెలియనిదానిని తెలియదని యొప్పుకొను నిజాయితీ ఆ పేరులోనే కలదు.

1896 మార్చిలో వెలువడిన రెండవ వ్యాసమున ఆయన పైని చెప్పిన జింకు గదిని వర్ణించెను. రేకులను గాలి చొరకుండ అతికి, తలుపు నెదుటి గోడను చాలవరకు సీసముతో కప్పి, గొట్టమునకు సమీపమున నాలుగు సెంటీమీటర్ల వెడల్పున మాత్రము ఒక రంధ్రము కోసి, దానిని పలుచని అల్యూమినియము రేకుతో మూసెను. కిరణములు ఆ రంధ్రము గుండ మాత్రమే లోపలికి రావలెను. సత్యము చెప్పవలెనన్న, ఆ గోడను ఆయన తన దేహరక్షణార్థము కట్టలేదు. ఆ కిరణములు హానికరములని అప్పటికింకను నిర్ధారణ కాలేదు. విద్యుచ్ఛక్తి ప్రభావము తన కొలతలతో కలిసి లెక్క తప్పుదారి పట్టునేమో యను శంకతో కట్టెను. కొలతను కాపాడుటకు కట్టిన గోడ కొలుచువానిని కూడ కాపాడెను. కిరణము పోవలసిన దారిలోనే పోవలెను, తక్కిన దిక్కులన్నియు మూయబడవలెను అను నియమము శాస్త్రమునకెంత అవసరమో శరీరమునకు నంతే అవసరమని కాలక్రమమున లోకము గ్రహించెను.

కాని యా గ్రహణమునకు చెల్లించిన వెల మిక్కిలి పెద్దది. 1896 జనవరిలో వార్త ప్రపంచమంతట ప్రాకగనే సంతలలోను, వినోదశాలలలోను ఎముకలు చూపు ఆట మొదలయ్యెను. గొట్టము చక్కగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు తమ చేతినే అడ్డుపెట్టి చూచుట పరిశోధకుల కలవాటయ్యెను. ఆ యేటనే అమెరికాలో ఎలిహు థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు తన యెడమచేతి చిటికెన వ్రేలిని దినమున కరగంట చొప్పున కొన్ని దినములు కిరణముల కొగ్గి, కొలది దినములకు వాపు, బొబ్బలు, బాధ కలుగుటను స్వయముగా చూచి లోకమును హెచ్చరించెను. ఆ హెచ్చరిక నందరును చెవిని బెట్టలేదు. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్స్ డాలీ యనునాతని చేతులకు పుండ్లు పడి, అవి క్యాన్సరుగా మారి, రెండు చేతులును తీసివేయవలసి వచ్చెను. అయినను ప్రాణము దక్కలేదు. 1904లో ముప్పది తొమ్మిదేండ్ల ప్రాయమున ఆయన మరణించెను. ఎడిసన్ ఆ కిరణముల పరిశోధననే విడిచిపెట్టెను. బోస్టన్ నగరపు దంతవైద్యుడు విలియం రాలిన్స్ 1901లో సీమపందికొక్కులపై ప్రయోగించి, పైకి చర్మము కాలకున్నను ఆ కిరణములు ప్రాణము తీయగలవని చూపి, గొట్టమును సీసపు పెట్టెలో మూయవలెనని బోధించెను. చాలకాల మాయన మాట అరణ్యరోదనమే యయ్యెను. 1928లో స్టాక్‌హోమ్‌లో కూడిన అంతర్జాతీయ మహాసభ రక్షణకొర కొక సంఘము నేర్పరచెను. 1936లో హాంబర్గ్ నగరమున ఈ కిరణములకు బలియైన శాస్త్రజ్ఞుల, వైద్యుల, దాదుల పేర్లు చెక్కిన స్మారకస్తంభమును నిలిపిరి. రాతిపై చెక్కిన ఆ పేర్లే నేటి రక్షణనియమములకు పీఠిక.

రాంట్జెన్‌కు గౌరవములు వెల్లువగా వచ్చెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమాన మాయనకే లభించెను. ఆ ధనమును వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధనలకై యొసగెను. బవేరియా పాలకు డీయబోయిన ప్రభుబిరుదమును నిరాకరించెను. తన ఆవిష్కారమునకు పేటెంటు పుచ్చుకొని కోటీశ్వరుడగుట కవకాశ మున్నను, అది మానవజాతి సొత్తని యెంచి పుచ్చుకొనలేదు. ప్రకృతి రహస్యమునకు యజమాను లుండరాదని నమ్మినవా డాయన.

1900 నుండి ఆయన మ్యూనిక్‌లో ఆచార్యుడు. అచ్చటనే 1912లో లావే ఊహించినట్లు ఫ్రీడ్రిక్, క్నిప్పింగ్ అను నిరువురు యువకులు ఒక స్ఫటికము గుండ ఎక్స్ కిరణములను పంపి ఫలకముపై చుక్కల వరుసలను సాధించిరి. వారిరువురును రాంట్జెన్ శిక్షణలో పెరిగినవారే. స్ఫటికములలో పరమాణువుల అమరికను తెలిసికొను విద్య అట్లు పుట్టినది. నేడు విశ్వవిద్యాలయముల బోధనాప్రయోగశాలలలో విద్యార్థులు వాడు డిఫ్రాక్షన్ యంత్రము ఆ ప్రయోగమునకు వారసురాలు.

ఆ యంత్రము చూచుటకు సాధువు. గొట్టమునొద్ద కిరణము సన్నని దారమువంటిది. కాని యా దారము మిక్కిలి తీవ్రమైనది. దాని కడ్డుపడిన వ్రేలు కొన్ని సెకండ్లలోనే గాయపడవచ్చును. ఆ క్షణమున వేడి తెలియదు, నొప్పి తెలియదు, కంటికేమియు కనబడదు. దినములు గడచిన పిమ్మట చర్మము కమలి పుండగును. కావుననే యంత్రమును సీసపు గాజు తలుపులుగల పెట్టెలో నుంచి, తలుపు తెరచిన తక్షణము కిరణము ఆగిపోవునట్లు ఇంటర్‌లాక్ అను బంధమును అమర్తురు. కిరణము వెలువడుచున్నదని తెలుపు దీపముండును. పనిచేయువారు ఎంత కిరణమునకు గురియైనది తెలుపు బిళ్లను ఛాతీపై ధరింతురు. వృత్తిలో నున్నవారికి సంవత్సరమునకు సగటున 20 మిల్లీసీవర్టులకును, సామాన్యజనులకు 1 మిల్లీసీవర్టుకును మించరాదని అంతర్జాతీయ సంఘము మితి చెప్పినది. గొట్టమునకు విద్యుత్తు ఆపిన వెంటనే కిరణ మాగిపోవును. దాని విషమేమియు గదిలో మిగులదు. కావున అకారణ భయము కూడ తగదు. సమయము తగ్గించుట, దూరము పెంచుట, అడ్డుగోడ నుంచుట అను మూడు సూత్రములే చాలును. దూరము రెట్టింపైన, అన్ని దిక్కులకు వ్యాపించు కిరణముల తీవ్రత నాలుగవ వంతుకు దిగును.

ఇన్ని యేర్పాటులున్నను ప్రమాదములు జరుగుటకు ముఖ్యకారణ మొకటే. స్ఫటికమును సరిచేయుటకు పదేపదే తలుపు తెరచుట విసుగై, ఆ బంధమును తీగ చుట్టియో, బిళ్ల అంటించియో పనిచేయకుండ చేయుదురు. ఇట్లు చేయువారు సాధారణముగ కొత్తవారు కారు. చేయి తిరిగిన అనుభవజ్ఞులే. వారిని చూచి విద్యార్థులు నేర్తురు. గురువు వ్రేలు పోయిన నది ఆయన స్వయంకృతము. శిష్యుని వ్రేలు పోయిన నెవ్వరు జవాబుదారి?

రాంట్జెన్ చివరి దినములు సుఖముగా గడవలేదు. 1919లో భార్య మరణించెను. యుద్ధానంతరము జర్మనీ దేశమున నాణెము విలువ పడిపోయి ఆయన సంపాదన కరగిపోయెను. 1923 ఫిబ్రవరి 10వ తేదీన మ్యూనిక్‌లో ప్రేగు క్యాన్సరుతో ఆయన కన్నుమూసెను. ఆ వ్యాధికి కిరణములు కారణము కావనియే శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆయన వానితో పనిచేసిన కాల మల్పము, అదియు సీసపు గోడ చాటున. ఆయన అస్థికలు గీసెన్ నగరపు శ్మశానవాటికలో తలిదండ్రుల చెంత నున్నవి.

తోటివాని పేరు చెప్పక తాను దండన ననుభవించిన బాలుడే, పెద్దవాడై, తన ఆవిష్కారపు లాభమును లోకమునకు విడిచిపెట్టెను. ఆయన మనకు విడిచినవి రెండు: ఒకటి కిరణము, రెండవది సీసపు గోడ. మొదటిదానిని లోకము చేతులు చాచి యందుకొనెను. రెండవదానిని పలువురి చేతులు తెగిన పిమ్మట గాని యందుకొనలేదు. మన కళాశాలల ప్రయోగశాలలలో యంత్రపు తలుపు మూయువేళ విద్యార్థికి ఆ గోడ కట్టిన చేతులును, గోడ లేక తెగిన చేతులును జ్ఞప్తికి రావలెను. జ్ఞప్తికి వచ్చినవాడు ఆ బంధమును తీగతో కట్టివేయడు.