పాట వినే మంట: జాన్ టిండాల్

మా అనంతపురం గాలికి దీపం రెపరెపలాడటం మనందరం చూసిందే. కానీ పాటకి మంట పలుకుతుందంటే నమ్ముతామా? ఫిజిక్సు చదివే రోజుల్లో నాకు ఆ నమ్మకం కలిగించిన మహానుభావుడు జాన్ టిండాల్.

ఆయన 1820లో ఐర్లండులోని లీలిన్‌బ్రిడ్జి అనే చిన్న ఊళ్ళో ఒక కానిస్టేబుల్ ఇంట పుట్టాడు. కాలేజీ చదువుకి డబ్బెక్కడిది? సర్వే శాఖలో చేరాడు. తోటి ఐరిష్ ఉద్యోగులకి జరుగుతున్న అన్యాయాన్ని ప్రశ్నించినందుకు 1843లో ఆ ఉద్యోగమూ ఊడింది. రైల్వే సర్వేలోనూ, తర్వాత పంతులుగానూ పనిచేసి, కూడబెట్టుకున్న డబ్బుతో 28 ఏళ్ళ వయసులో జర్మనీలోని మార్‌బుర్గ్ యూనివర్సిటీకి వెళ్ళాడు. మన ల్యాబుల్లోని బర్నర్‌కి ఎవరి పేరుందో ఆ బున్సెన్ దగ్గరే చదివి, 1850లో డాక్టరేట్ అందుకున్నాడు. కరువు సీమలో అప్పుచేసి ఫీజు కట్టే మనకి ఇది ఎక్కడిదో పరాయి కథ అనిపించదు.

1853లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసరయ్యాడు. 1857లో ఒక చిన్న గ్యాసు మంటకి పైన గాజు గొట్టం అమర్చి, ఆ గొట్టం శ్రుతికి సరిగ్గా గొంతు కలిపాడు. అంతదాకా మౌనంగా ఉన్న మంట పాట అందుకుంది. ఆయన ఆపినా అది ఆపలేదు! మరో పదేళ్ళకి ఇంకో వింత చూపించాడు. మంట హోరెత్తబోయే ముందు గ్యాసు ఒత్తిడిని నిలిపితే, నిలువెత్తుగా లేచిన మంట తాళంచెవుల గలగలకే కుంగిపోయేది. కిటుకు బర్నర్ మూతి దగ్గర ఉంది. చెదరటానికి సిద్ధంగా ఉన్న గ్యాసు ధారకి ఆ కాస్త శబ్దం తగిలితే చాలు.

1887లో ఆయన తర్వాత అదే పదవి చేపట్టిన లార్డ్ రేలీ, 1878లోనే అసలు సూత్రం చెప్పాడు. గాలి నొక్కుకున్న క్షణంలో వేడి అందితే కంపనం పెరుగుతుంది, పలచబడ్డ క్షణంలో అందితే తగ్గుతుంది. ఉయ్యాలని అదనులో తోస్తే ఊపు పెరుగుతుంది, ఎదురు తోస్తే ఆగుతుంది కదా, అలాగన్నమాట. ఈ కంపనమే హద్దుమీరి రాకెట్ ఇంజన్లని పేల్చేసిన సందర్భాలున్నాయి. విరుగుడూ శబ్దంలోనే దొరికింది. 1980ల్లో కేంబ్రిడ్జిలో మైకుతో ఆ మోత విని, లౌడ్‌స్పీకర్‌తో ఎదురు శబ్దం పంపి, గొట్టంలో పాడే మంటని నిలకడగా నిలబెట్టారు.

భార్య పొరపాటున మోతాదు మించి ఇచ్చిన నిద్రమందు వల్ల టిండాల్ 1893 డిసెంబరు 4న కన్నుమూశాడు.

మిత్రులారా, పెద్ద పరికరాలు లేవని నిట్టూర్చే ముందు ఒక్కటి గుర్తుంచుకుందాం. 1857లో మంటని పాడించటానికి ఆయనకి కావలసి వచ్చినవి కాస్త గ్యాసు, ఒక గాజు గొట్టం, తన గొంతు. ఈ మూడూ మన కాలేజీలోనూ ఉన్నాయి.