చోటు చాలని దేవిడీ
(మూడవ సాలార్‌జంగు గారి జీవితము)

వస్తువులు సేకరించువారికి ధనముండిన చాలునని లోకులు తలంతురు. కొన్న వస్తువును ఎచ్చట నుంచవలెనన్న చింత కొననివారికి తెలియదు. పాత మోటారు కార్లపై మక్కువతో వానిని కూర్చుకొనువారు షెడ్ల కొఱకు పడు పాట్లు చూచినవారికి ఈ సంగతి బోధపడును. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నేడు చూపఱుల కొఱకుంచిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ వంటి కారు ఒక్కటి యున్నను దానికొక కొట్టు కావలెను. అయినను కారు కదలునది. షెడ్డు చాలనినాడు వాకిట నిలుపవచ్చును. పాలరాతి ప్రతిమను, పింగాణి కూజాను వాకిట నిలుపుటెట్లు? ఆ నగరముననే ముప్పదియైదేండ్లు ఈ చిక్కుతో కాపురము చేసినవారు నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ గారు. లోకము వారిని మూడవ సాలార్‌జంగు అనియే యెఱుగును.

వారు 1889 జూన్ 13న పూనాలో జన్మించిరి. నెల తిరుగకమునుపే తండ్రి, రెండవ సాలార్‌జంగు, మీర్ లాయిక్ అలీ ఖాన్ గతించిరి. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆ పసివానిని, వాని యాస్తిని కనిపెట్టి చూచిరి. ఈ విధముగా ఊయలలో నున్న శిశువు ఒక మహాసంస్థానమునకు, తరతరముల వస్తుసంచయముతో నిండిన దివాన్ దేవిడీ యను భవనమునకు యజమాని యయ్యెను.

ఆ యింటి కీర్తికి మూలపురుషుడు తాతగారగు మొదటి సాలార్‌జంగు, మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853 మొదలు 1883లో మరణించు వఱకు వారు నిజాము దివానుగా నుండిరి. వారి పేరు మన దీవుల చరిత్రను గూడ తాకుచున్నది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ అనువారు జనమును గూర్చి హైదరాబాదు రెసిడెన్సీపై దాడి వెడలినపుడు, దివానుగారు ఆంగ్లేయుల పక్షముననే నిలిచిరి. మౌల్వీగారికి అండమాను ద్వీపాంతరవాసము ప్రాప్తించెను. వారు ఇచ్చటనే కన్నుమూసిరి. సాలార్‌జంగు మ్యూజియము సిరిసంపదలను మెచ్చుకొనునపుడు ఈ విషయమును గూడ స్మరించుట జంగ్లీఘాట్ తెలుగువారికి ఉచితమని నా యభిప్రాయము. ఆ తాతగారే 1876లో రోము నగరమున బెంజోనీ శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమను కొని తెచ్చిరి. రాతిలో పలుచని వస్త్రమును చూపిన ఆ ప్రతిమను చూడ నేటికిని జనులు బారులు తీరుచుందురు.

మనుమడు నిజాము కళాశాలలో చదివి, 1912లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, మహారాజా కిషన్ పర్షాద్ గారి తరువాత దివాను పదవి నధిష్ఠించిరి. ఆ యధికారము చిరకాలము సాగలేదు. 1914లో రాజీనామా చేసిరి. వారు వివాహము చేసికొనలేదు. రాజకార్యములు లేవు, ఇంట బిడ్డలు లేరు, జాగీరుల రాబడికి కొదువ లేదు. ఇక మిగిలినది వస్తువులపై ప్రేమ.

దేశదేశముల వర్తకులు ఆ గుమ్మమునకు వచ్చుట పరిపాటి యయ్యెను. విదేశములందలి ఏజెంట్లు జాబితాలు పంపెడివారు. నవాబుగారు తామును పశ్చిమ దేశములకు పోయి కొనుచుండెడివారు. చీనా జపాను పింగాణి, పారసీక తివాచీలు, ఫ్రెంచి కుర్చీలు బల్లలు, పచ్చరాతి పిడుల బాకులు, ఏనుగు దంతపు పని, బీదరు పాత్రలు, వ్రాతప్రతులు, గడియారములు, పిల్లల ఆటవస్తువులు వచ్చి చేరెను. ఏదో యొక్క రకమును మాత్రమే ఎంచుకొని కూర్చువారికి చోటు విషయమున కొంత లెక్క యుండును. నాణెములకు ఒక పెట్టె చాలును, చిత్తరువులకు గోడలు కావలెను. వీరికట్టి హద్దు లేదు. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్ల రూపములను ఒకే మ్రాను వెనుకముందులుగా చెక్కిన జంటప్రతిమను తీసికొనుడు. దానికి గోడ ప్రక్క చోటు పనికిరాదు. వెనుక నిలువుటద్దము పెట్టి, ముందు మనుష్యులు నిలుచుటకు జాగా విడువవలెను. ఒక్క బొమ్మకు ఒక గదిలో సగము పోవును!

దేవిడీ చిన్నది గాదు. అద్దాల మందిరమగు ఆయినాఖానా, గోడలనిండ పింగాణి పొదిగిన చీనీఖానా మొదలగునవి పెద్దల నాటినుండి యుండెను. మనుమని కాలమునకు ఆ మహాభవనము నివాసమో గిడ్డంగియో చెప్పుట కష్టమయ్యెను. మనబోటి ఉద్యోగులము విశాఖనుండి ఓడపై వచ్చిన నాలుగు పెట్టెలను క్వార్టరులోని మంచముక్రింద త్రోయుటకే తలపట్టుకొందుము. ఆ కొలతతో ఊహించినచో నవాబుగారి స్థితి కొంత తెలియవచ్చును. పెట్టెను తెఱువక యుంచినచో కొన్న సుఖము లేదు, తెఱచినచో పెట్టుటకు తావు లేదు.

1949 మార్చి 2న వారు పరమపదించిరి. అసలు గండము అప్పుడు వచ్చెను. హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసి ఆఱునెలలు కూడ నిండలేదు. ఆ సంవత్సరముననే ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. ఇంటిని పోషించిన రాబడి పోయెను, వారసుడగు కుమారుడు లేడు, హక్కుదారులమని బంధువులు పలువురు ముందుకు వచ్చిరి. ఇట్టి సందర్భములలో వస్తువులు వేలముపాటకెక్కి నలుదెసల చెదరిపోవుట లోకసామాన్యము. అప్పటికే కొన్ని వస్తువులు సేవకుల చేతులలో జారిపోయినవని, మిగిలినది సగమేనని హైదరాబాదు వృద్ధులు నమ్మెడివారు. అది ఎంతవఱకు నిజమైనను, అంత సామగ్రి అంత ఇఱుకున గుమిగూడియుండుట దొంగకు అనుకూలమనుటలో సందేహము లేదు.

ఆస్తి పాలనకు ప్రభుత్వము ఒక కమిటీని నియమించెను. వస్తువులను ప్రదర్శనశాలగా తీర్చవలెనను తలంపు అప్పటి పాలనాధికారి వెల్లోడి గారిది. ఆ పని జేమ్స్ కజిన్స్ గారికి అప్పగింపబడెను. ఐర్లండులో పుట్టినను కజిన్స్ గారు మదనపల్లె కళాశాలతో చిరకాలము మెలగినవారు, మైసూరు, తిరువనంతపురము చిత్రశాలలను తీర్చిన చేయి వారిది. వేఱు భవనమునకు వ్యవధి లేకపోవుటచే దేవిడీనే మ్యూజియముగా మార్చిరి. 1951 డిసెంబరు 16న పండిత నెహ్రూగారు దానిని తెఱచిరి. ఒక్కని కొఱకు నిండిన ఇల్లు వేలమందికి తలుపు తీసెను.

హక్కుల తగవు 1958లో హైకోర్టు ద్వారా రాజీతో ముగిసెను. వారసులు ఆ సేకరణను జాతికి విడిచిపెట్టిరి. ఇది చిన్న త్యాగము కాదు. 1961లో పార్లమెంటు చట్టము చేసి మ్యూజియమును జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. ఆ యంకమున చోటు వెదకు భారము నవాబునుండి కేంద్రప్రభుత్వమునకు బదిలీ యయ్యెనని మన ఉద్యోగభాషలో చెప్పవచ్చును. మూసీనది దక్షిణపు గట్టున అర్ధచంద్రాకారపు క్రొత్త భవనమునకు 1963 జూలైలో నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. 1968 జూలైలో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ గారు దానిని ప్రారంభించిరి. దేవిడీనుండి అచ్చటికి దూరము స్వల్పమే. కాని పింగాణిని, పాలరాతిని, గాజును ఎత్తి దింపువారికి ఆ కొద్ది దూరము ఎంత నిడివియై తోచెనో!

ఆ భవనమును చాలలేదు. తరువాతి కాలమున ఇరుప్రక్కల రెండు భవనములు కట్టి, తండ్రి పేర ఒకటి, తాత పేర ఒకటి వెలయించిరి. ముప్పదికి పైబడిన గ్యాలరీలున్నను నలువదివేలకు మించిన కళావస్తువులలో కొంత భాగమే చూపఱులకు కనబడును. తక్కినవి భాండారములందు వంతు కొఱకు వేచియున్నవి. మధ్యశాలలోని కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి గడియారము మాత్రము నవాబుగారి కోరికను తీర్చుచున్నది. గంట గంటకు గడ్డపు కావలివాడు వెలికివచ్చి జేగంట మ్రోగించును; పండ్రెండు కొట్టు వేళకు జనము కుర్చీలు చాలక నేలపై కూర్చుందురు.

దివాన్ దేవిడీ నేడు లేదు. దానిని కూల్చి ఆ జాగాలో అంగళ్లు కట్టిరి. పాత ద్వారములు మాత్రము మిగిలి, బజారు రద్దీ నడుమ నిలిచియున్నవి.