మహోపకారి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవాళికి మహోపకారం చేసి, కీర్తికి దూరంగా కన్నుమూసిన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యుడు. ఆయన పేరెరుగని ఇండ్లలో సైతం ఆయన కృషిఫలం ఉన్నది. గర్భవతులకూ, విద్యార్థినులకూ పంచే ఇనుము మాత్రలో కలిసియుండే ఫోలిక్ ఆమ్లమే ఆ ఫలం. పసిబిడ్డ మెదడు రూపొందడానికి ఆ పదార్థం ఎంత అవసరమో తెలిసిన నాడే ఆయన జీవితం విలువ మనకు బోధపడుతుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. కుటుంబం పేదది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. తల్లి వెంకమ్మ పట్టుదల వల్ల చదువు సాగించి, మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. 

మద్రాసు వైద్యకళాశాలలో చదివే రోజుల్లో స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టం మాత్రమే లభించింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించి, 1920ల ఆరంభంలో భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి అమెరికా వెళ్ళారు. మళ్ళీ మాతృభూమిని చూచే భాగ్యం ఆయనకు కలగలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ, పొట్టపోసుకొనడానికి ఆసుపత్రిలో చిన్న చిన్న పనులు చేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. నేటికీ ఆ పద్ధతి వారిద్దరి పేరనే ప్రసిద్ధం. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై కూడా వీరు విశేష కృషి చేశారు. సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు నాయకత్వం వహించారు.

ఫోలిక్ ఆమ్లం కథకు మన దేశంతోనూ సంబంధమున్నది. బొంబాయి నూలుమిల్లు కార్మిక స్త్రీలలో గర్భకాలపు రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్ట్ సారంలో దానిని నయంచేసే పదార్థమేదో ఉన్నదని 1931లో ప్రకటించారు. 1941లో శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థాన్ని గ్రహించి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదాన్నిబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. 1945లో సుబ్బారావు బృందం దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదే ఔషధమైంది. ఆ బృందమే తయారుచేసిన అమినోప్టెరిన్ అనే ఫోలిక్ ఆమ్ల విరోధితో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేయగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. 1948 ఆగస్టులో సుబ్బారావు 53 ఏండ్ల వయసులో న్యూయార్క్‌లో మరణించారు.

ఆయన చేసిన మేలు సంపూర్ణంగా వెల్లడి కావడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. గర్భంలో పిండానికి దాదాపు 28 రోజులు నిండేనాటికి నాడీనాళం మూసుకొంటుంది. మెదడూ వెన్నుపామూ దాని నుండే ఏర్పడతాయి. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. అది కొరవడితే ఆ నాళం సరిగా మూసుకొనక, బిడ్డ వెన్నెముక లోపంతోనో, మెదడు ఏర్పడకనో జన్మించే ప్రమాదమున్నది. అటువంటి బిడ్డను ఇదివరకు కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం తిరిగి కలగడం సుమారు 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి నిరూపించింది.

పుట్టిన తరువాత కూడా మెదడుకు ఈ పదార్థం కావాలి. దానిని రక్తం నుండి మెదడుకు చేరవేసే ప్రోటీన్ ఒకటున్నది. పుట్టుకతోనే ఆ ప్రోటీన్‌లో లోపమున్న అరుదైన శిశువులు మొదట బాగానే ఎదిగి, సుమారు రెండేండ్ల వయసులో నేర్చిన నడకను, మాటలను కోల్పోతారు. మూర్ఛలు వస్తాయి. సకాలంలో గుర్తించి ఫోలినిక్ ఆమ్లమిస్తే ఎంతో మేలు కలుగుతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! నాడీనాళం మూసుకొనేనాటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. కావున ఈ విషయంలో జాగ్రత్త పెండ్లినాటినుండే ఆరంభం కావాలి. బిడ్డను కోరే స్త్రీ గర్భధారణకు ముందునుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. నస్పూర్ గని కార్మికుల ఇండ్లలో ఈ సంగతి అక్కలకు, వదినెలకు చెప్పవలసినది చదువుకొన్న మీరే. పాలకూర, తోటకూర, శనగలు, పెసర్లు మన సంతలో దొరికేవే. ఇచ్చిన మాత్రను పారవేయక మింగడం, రెండుసార్లు పరీక్ష తప్పినా చదువు విడువని ఆ తెలుగు బిడ్డకు మనం అర్పించగల నిజమైన నివాళి.